ఆట ఊపందుకోగానే మానిటర్ నల్లబడటం గురించి

మీ సమస్యను నేను అర్థం చేసుకున్న తీరును ముందుగా రాస్తాను, ఎందుకంటే మీరిచ్చిన వివరాల్లోనే సగం జవాబు ఉంది. నల్లగొండ దగ్గర పొలాల అంచున ఉన్న ఇంట్లో మీ కంప్యూటర్ ఉంది. అందులో రైజెన్ 5 5600 ప్రాసెసర్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు, పాత కంప్యూటర్ నుంచి తీసి బిగించిన 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు తగినట్టు మార్చి ఇచ్చే డబ్బా), 144 హెర్ట్జ్ మానిటర్ ఉన్నాయి. కంప్యూటర్, మానిటర్ రెండూ 600 వీఏ యూపీఎస్ మీదే నడుస్తున్నాయి. బ్రౌజింగ్ ఎంతసేపు చేసినా, సినిమాలు ఎన్ని చూసినా ఇబ్బంది లేదు. పెద్ద ఆట పెడితే మాత్రం ఒక్కోసారి రెండు నిమిషాలకే, ఒక్కోసారి అరగంటకు మానిటర్ నల్లబడుతోంది. అదే క్షణంలో కార్డు ఫ్యాన్లు పూర్తి వేగం అందుకుంటున్నాయి, హెడ్‌ఫోన్‌లో శబ్దం కాసేపు వినిపిస్తూనే ఉంటోంది, పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే తప్ప కంప్యూటర్ ఆగడం లేదు. సాయంత్రం పూట ఇది ఎక్కువ. దుకాణంలో విండోస్ మళ్ళీ వేయించారు, ర్యామ్ మార్పించారు, అయినా తేడా రాలేదు. ఇప్పుడు మానిటర్ మార్చమని సలహా ఇచ్చారు.

మానిటర్ కొనకండి. తెర మీద నడుస్తున్నది సినిమానా, ఆటనా అన్నది మానిటర్‌కు తెలియదు. దానికి అందేది తయారైన చిత్రమే, ఆ చిత్రాన్ని తయారు చేయడానికి లోపల ఎంత శ్రమ జరిగిందన్న దానితో మానిటర్‌కు సంబంధం లేదు. భారం పెరిగినప్పుడు మాత్రమే లోపం బయటపడుతోందంటే, ఆ భారాన్ని మోస్తున్న వరుసలో ఏదో ఒకటి తడబడుతోందని అర్థం. ఆ వరుసలో గ్రాఫిక్స్ కార్డు ఉంది, దానికి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ ఉంది, ఎస్‌ఎంపీఎస్‌కు కరెంటు ఇచ్చే యూపీఎస్ ఉంది, దాని వెనుక మీ గోడలోని సాకెట్ ఉంది. విండోస్ మళ్ళీ వేయడం, ర్యామ్ మార్చడం ఈ వరుసను తాకనే లేదు కనుక ఫలితం లేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

తెర నల్లబడిందని అందరూ ఒకే మాట అంటారు గానీ, అందులో కనీసం ఐదు వేర్వేరు సంఘటనలు ఉన్నాయి, వాటిని వేరు చేయకుండా భాగాలు మార్చడం డబ్బు దండగ. తెర రెండు మూడు క్షణాలు నల్లబడి తనంతట తానే తిరిగి వస్తే, కార్డు నుంచి 2 సెకన్ల పాటు జవాబు రాకపోవడంతో విండోస్ దాని డ్రైవర్‌ను (కార్డును నడిపే ప్రోగ్రామ్‌ను) మళ్ళీ మొదలుపెట్టిందని అనుకోవాలి. అప్పుడు విండోస్ తన సంఘటనలను రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో 4101 అనే నంబరుతో ఒక నమోదు ఉంటుంది. ఆ నమోదు లేకుండానే తెర పోయి వస్తుంటే కేబుల్‌ను అనుమానించాలి. కంప్యూటర్ మొత్తం ఒక్క దెబ్బకు ఆగిపోయి, ఎస్‌ఎంపీఎస్ వెనుక స్విచ్ ఆపి కొంతసేపటికి వేస్తే గానీ మళ్ళీ రాకపోతే, ఎస్‌ఎంపీఎస్ తన రక్షణ కోసం తానే ఆగిపోయిందని అర్థం. తనంతట తాను రీస్టార్ట్ అవుతూ, అందులోనే డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ 18 అనే హార్డ్‌వేర్ లోపపు నమోదు కనిపిస్తే ప్రాసెసర్ వైపు, దాని ఓవర్‌క్లాక్ (మామూలు కంటే పెంచిన వేగం) లేదా బయాస్ (మదర్‌బోర్డులోని మూల ప్రోగ్రామ్) సెట్టింగుల వైపు చూడాలి.

మీది ఐదో రకం. కంప్యూటర్ బతికే ఉంది, శబ్దం వస్తోంది, గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే మదర్‌బోర్డుతో సంబంధం తెంచుకుంది. మామూలుగా ఫ్యాన్ వేగాన్ని వేడిని బట్టి నియంత్రిస్తూ ఉండేది ఆ కార్డే. చిప్ పని ఆపేసినప్పుడు ఫ్యాన్లకు ఆదేశం ఇచ్చేవారు ఉండరు, ఆదేశం లేని ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతుంది. లైనక్స్ వాడేవారికి ఇదే సంఘటన ఎక్స్‌ఐడీ 79 అనే గుర్తుతో లాగ్‌లో దొరుకుతుంది. విండోస్‌లో మీకు తప్పకుండా కనిపించేది కర్నెల్ పవర్ 41 అనే నమోదు, దాన్ని చూసి చాలామంది ఎస్‌ఎంపీఎస్ చెడిపోయిందని తీర్మానిస్తారు. ఆ నమోదుకు అంత అర్థం లేదు. కంప్యూటర్‌ను సరైన పద్ధతిలో షట్‌డౌన్ చేయలేదని మాత్రమే అది చెబుతుంది, మీరు బటన్ నొక్కి పట్టుకుని ఆపుతున్నారు కనుక ప్రతిసారీ అది ఉంటుంది. చూడవలసింది దానికి ముందు నిమిషంలో ఎన్‌వీఎల్‌డీడీఎమ్‌కేఎమ్ అనే డ్రైవర్ పేరుతో ఏమైనా నమోదైందా అన్నది.

ఈసారి నల్లబడినప్పుడు వెంటనే బటన్ నొక్కకుండా రెండు పనులు చేయండి. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కి దాని దీపం వెలిగి ఆరుతోందో లేదో చూడండి. ఆ తరువాత విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ అనే నాలుగు బటన్లను కలిపి నొక్కండి, అది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తిరిగి మొదలుపెట్టే ఆదేశం. తెర తిరిగి వస్తే డ్రైవర్ దశలోనే లోపం ఉందని ఆశపడవచ్చు. క్యాప్స్ లాక్ దీపం మారుతున్నా తెర రాకపోతే పైన చెప్పినట్టు కార్డే పడిపోయింది. కేబుల్‌ను మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐలో పెట్టి చూడమని ఎవరైనా చెబితే శ్రమపడవద్దు, 5600 ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ భాగం లేదు, 5600జీలో ఉంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పరీక్షకు వస్తాను. దీనికి ఒక్క రూపాయి ఖర్చు కాదు, కానీ అనుమానాల్లో సగాన్ని ఒక్క సాయంత్రంలో తీసేస్తుంది. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని, అందులో పవర్ లిమిట్‌ను, అంటే కార్డు లాగగల వాట్ల పరిమితిని, 100 నుంచి 70 శాతానికి తగ్గించండి. 220 వాట్ల కార్డు అప్పుడు సుమారు 154 వాట్ల దగ్గర ఆగుతుంది. ఆటలో సెకనుకు వచ్చే ఫ్రేములను (చిత్రాలను) 60కి పరిమితం చేయండి. తరువాత మీకు ఎక్కువగా నల్లబడే ఆటనే, ఎక్కువగా నల్లబడే సాయంత్రం వేళలోనే ఆడండి. ఇలా రెండు మూడు సాయంత్రాలు ఏ ఇబ్బందీ రాకపోతే లోపం కరెంటులోనో వేడిలోనో ఉందని దాదాపు తేలినట్టే. తగ్గించినా అదే తీరుగా నల్లబడుతుంటే కార్డు, డ్రైవర్, స్లాట్ వైపు వెళ్ళాలి.

తగ్గిస్తే నిలబడిందనుకుందాం. అప్పుడు వేడిని, కరెంటును విడదీయాలి. పవర్ లిమిట్‌ను తిరిగి 100కు తెచ్చి, కార్డు ఫ్యాన్లను మీరే 100 శాతానికి పెట్టి, క్యాబినెట్ పక్క తలుపు తీసేసి, గదిలోని టేబుల్ ఫ్యాన్‌ను లోపలికి తిప్పి ఆడండి. ఇంత గాలిలో నిలబడితే మీ శత్రువు వేడి. ఇంత చల్లగా ఉంచినా నల్లబడితే శత్రువు కరెంటు. ఈ రెండు పరీక్షలు వరుసగా చేయకుండా ఎవరు ఏ భాగం పేరు చెప్పినా అది ఊహ మాత్రమే, నేను చెప్పినా అంతే.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానం కరెంటు మీదే ఎక్కువ. వేడి వల్ల నల్లబడే కార్డు ఒక క్రమం పాటిస్తుంది: మొదటిసారి ఇరవై నిమిషాలకు పడితే, వెంటనే ఆన్ చేసి ఆడినప్పుడు ఐదు నిమిషాలకే పడుతుంది, ఎందుకంటే అది ఇంకా చల్లారలేదు. మీది ఒక్కోసారి రెండు నిమిషాలకు, ఒక్కోసారి అరగంటకు అంటున్నారు. ఆటలో పెద్ద పేలుడు జరిగినప్పుడో, మెనూ నుంచి ఆటలోకి వెళ్ళే క్షణంలోనో పడుతోందా అన్నది గమనించండి. అటువంటి క్షణాల్లో కార్డు లాగే కరెంటు ఒక్కసారిగా ఎగసిపడుతుంది.

ఇక్కడ మీరు అడిగిన ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పాలి: లెక్క ప్రకారం సరిపోయే 550 వాట్లు ఎందుకు చాలడం లేదు? కార్డుకు 220, ప్రాసెసర్ పూర్తి భారంలో 76, మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు కలిపి ఇంకో 50 అనుకుంటే మొత్తం 350 దాటదు. ఈ లెక్క తప్పు కాదు, కానీ అది సగటు లెక్క. ఈ తరం కార్డులు సగటున 220 వాట్లు చూపిస్తూనే, మిల్లీసెకను కంటే తక్కువ కాలం పాటు అంతకంటే చాలా ఎక్కువ లాగుతాయి. మీ తెర మీద కనిపించే సాఫ్ట్‌వేర్ రీడింగు ఈ ఎగసిపాటును పట్టుకోలేదు. ఆ చిన్న క్షణంలో ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టుల లైను కుంగితే కార్డు పడిపోతుంది. ఈ సమస్య అందరికీ తెలిసిన తరువాతే, 2022లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, 450 వాట్లకు మించి కొత్త 16 పిన్నుల కనెక్టర్ ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు తమ రేటింగుకు రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలన్న నియమం చేరింది. మీ ఎస్‌ఎంపీఎస్ పాత కంప్యూటర్‌ది, అంటే ఆ నియమం పుట్టకముందుది. ఎన్విడియా కూడా ఈ కార్డుకు 650 వాట్లు సూచించింది, 550 కాదు. దానికి తోడు ఎస్‌ఎంపీఎస్‌లోని కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిల్వ ఉంచే భాగాలు) మన ఎండల్లో ఏళ్ళ తరబడి పనిచేసి శక్తి కోల్పోతాయి, కొత్తగా ఉన్నప్పుడు ఇచ్చినదాన్ని ఇప్పుడు ఇవ్వలేవు.

ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన కాగితం చదవండి. పెద్ద అక్షరాల్లో 550 అని ఉన్నా, అసలు చూడవలసింది 12 వోల్టుల వరుస కింద రాసిన ఆంపియర్లు. 45 ఆంపియర్లు ఉంటే 540 వాట్లు, 30 ఉంటే 360 వాట్లే. కార్డు, ప్రాసెసర్ రెండూ తినేది ఈ వరుస నుంచే కనుక, మిగతా వరుసల్లో ఎంత ఉన్నా మీకు పనికిరాదు.

అయితే కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనేముందు కేబుళ్ళు చూడండి. మీ కార్డు మీద 8 పిన్నుల సాకెట్లు రెండు ఉన్నాయని రాశారు. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఒకే కేబుల్ చివర రెండు తలలు ఉంటాయి, చాలామంది ఆ రెండు తలలనూ కార్డుకు పెట్టేసి ఊరుకుంటారు. ప్రమాణం ప్రకారం ఒక 8 పిన్నుల కనెక్టర్ 150 వాట్లకు, స్లాట్ 75 వాట్లకు ఉద్దేశించినవి. రెండు కనెక్టర్ల భారం ఒకే కేబుల్ తీగల మీద పడితే దారిలోనే వోల్టేజి తగ్గుతుంది. మీ ఎస్‌ఎంపీఎస్‌కు రెండో కేబుల్ ఉంటే ఒక్కో సాకెట్‌కు ఒక్కో కేబుల్ పెట్టండి. రెండో కేబుల్ లేక, హార్డ్‌డిస్క్‌కు వెళ్ళే సాటా కనెక్టర్ నుంచి అడాప్టర్‌తో కార్డుకు ఇచ్చి ఉంటే దాన్ని ఈ రోజే తీసేయండి. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగింది 54 వాట్లే, అంతకు మించి లాగితే ప్లాస్టిక్ కరిగి మంట అంటుకుంటుంది. ఇంకో హెచ్చరిక కూడా అంతే గట్టిగా చెబుతున్నాను: ఊడదీసే కేబుళ్ళున్న ఎస్‌ఎంపీఎస్‌లలో ఒక కంపెనీ కేబుల్‌ను ఇంకో కంపెనీ దానికి పెట్టవద్దు. అది సరిగ్గా పట్టినట్టే ఉంటుంది, కానీ ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస వేరుగా ఉండి కార్డును కాల్చేస్తుంది.

వోల్టేజిని చూడటానికి హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వాడండి. అందులో రీడింగు వ్యవధిని 500 మిల్లీసెకన్లకు తగ్గించి, లాగ్‌ను ఫైలులోకి రాసేలా పెట్టి ఆట మొదలుపెట్టండి. నల్లబడిన తరువాత కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేసి ఆ ఫైలులోని ఆఖరి పది పదిహేను వరుసలు చదవండి. కార్డు తాలూకు 8 పిన్నుల ఇన్‌పుట్ వోల్టేజి 12 దగ్గర మొదలై భారంలో 11.8 దాకా దిగడం మామూలే. ప్రమాణం అనుమతించేది 5 శాతం, అంటే 11.4 వోల్టుల దాకా. అరసెకనుకు ఒకసారి తీసే రీడింగులోనే 11.5 కనిపిస్తోందంటే, రీడింగుల మధ్య దాగిన క్షణాల్లో అది ఇంకా కిందికి పోతోందని నమ్మవచ్చు. మదర్‌బోర్డు చూపించే 12 వోల్టుల రీడింగు ఒక్కోసారి తప్పుగా ఉంటుంది కనుక కార్డు చూపించేదాన్నే పట్టించుకోండి.

ఇక గోడ వైపు వస్తాను, ఎందుకంటే సాయంత్రం పూట ఎక్కువ అని మీరు రాసిన ఒక్క వాక్యం నన్ను అటు లాగుతోంది. మన వైపు పొలాల అంచున ఉన్న ఇళ్ళకు, పక్కనే ఉన్న బోరు మోటార్లకు ఒకే ట్రాన్స్‌ఫార్మర్ ఉండటం మామూలే. యాసంగి నాట్లు పడ్డాక మోటార్లన్నీ నడుస్తాయి, ప్రతి మోటారు మొదలయ్యే క్షణంలో నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. సాయంత్రం ఇళ్ళలో దీపాలు, కూలర్లు, గ్రైండర్లు తోడవుతాయి. 230 వోల్టులకు 6 శాతం అటూ ఇటూ, అంటే సుమారు 216 నుంచి 244 మధ్య ఇంటికి అందాలన్నది మన దేశంలో ఎంతోకాలంగా ఉన్న నిబంధన. లైను చివర ఉన్న ఇంట్లో సాయంత్రం అది 180కి, ఇంకా కిందికి పోవడం నేను మీటరుతో చూసినదే. ఇంటి వోల్టేజి తగ్గితే ఎస్‌ఎంపీఎస్ అవే వాట్ల కోసం ఎక్కువ ఆంపియర్లు లాగి, మరింత వేడెక్కి, కుంగే దగ్గరకు చేరుతుంది. సాకెట్‌లో పెట్టే చిన్న డిజిటల్ వోల్ట్‌మీటర్ ఎలక్ట్రికల్ దుకాణంలో దొరుకుతుంది. దాన్ని కంప్యూటర్ పెట్టిన సాకెట్ల వరుసలోనే ఉంచి, నల్లబడిన క్షణంలో అది ఎంత చూపించిందో రాసిపెట్టండి. ఫ్యాన్లు నెమ్మదించి, బల్బులు మసకబారిన వేళకూ నల్లబడే వేళకూ పొంతన ఉంటే మీకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఇంట్లో ఒక గదిలో దీపాలు మసకబారి ఇంకో గదిలో ఉన్నట్టుండి వెలుగు పెరిగితే మాత్రం, కంప్యూటర్ సంగతి పక్కన పెట్టి వెంటనే కరెంటు ఆఫీసుకు చెప్పండి, అది న్యూట్రల్ వదులైన లక్షణం, ఇంట్లోని అన్ని వస్తువులకూ ప్రమాదం.

మీ యూపీఎస్ గురించి కూడా నాకు గట్టి అభ్యంతరం ఉంది. 600 వీఏ అని రాసి ఉన్నవి సాధారణంగా 360 వాట్ల దాకానే మోస్తాయి. మీ కంప్యూటర్ లోపల 350 వాట్లు వాడితే, ఎస్‌ఎంపీఎస్‌లో పోయే నష్టాన్ని కలిపి గోడ నుంచి 400 దాకా లాగుతుంది, దాని మీద మానిటర్ అదనం. కరెంటు సరిగా ఉన్నంతసేపు యూపీఎస్ దాన్ని దాదాపు నేరుగా పంపిస్తుంది కాబట్టి లోపం తెలియదు. వోల్టేజి బాగా తగ్గిన క్షణంలో అది బ్యాటరీకి మారుతుంది, లోపలి నుంచి టిక్ మన్న శబ్దం వస్తుంది, మోయలేని భారం దాని మీద పడుతుంది. మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడతాయి. ఆ సందులో కంప్యూటర్‌ను నిలబెట్టవలసింది ఎస్‌ఎంపీఎస్‌లోని కెపాసిటర్లు, అవి పాతబడి ఉంటే ఆ కొద్ది సమయాన్ని కూడా భరించలేవు. అందుకని ఒక సాయంత్రం యూపీఎస్‌ను పూర్తిగా తప్పించి, నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి ఆడి చూడండి. నల్లబడటం ఆగితే పరిష్కారం చవకలో దొరికినట్టే. గేమింగ్ కంప్యూటర్‌కు 1000 వీఏకు తగ్గని, సాధ్యమైతే ప్యూర్ సైన్ వేవ్ (గోడ కరెంటు లాంటి నున్నటి తరంగం) ఇచ్చే యూపీఎస్ ఉండాలి. ఇంటి ఇన్వర్టర్ మీద నడుపుతున్నవారు దాని వెనుక యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అనే స్విచ్ ఉందేమో చూసి యూపీఎస్ మోడ్‌లో పెట్టుకోవాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కూడా సరిగా నడవవు.

ఎర్తింగ్ గురించి ఒక మాట. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి సన్నగా జివ్వుమంటుందా? అంటే ఎర్త్ అందడం లేదు. మన రాతి నేలల్లో ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోయి పనిచేయడం మానేస్తుంది, గుంతలో నీళ్ళు పోయడం అందుకే. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య కొలిస్తే రెండు మూడు వోల్టులకు మించకూడదు. కొలవడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఎర్త్ లేకపోవడం నేరుగా కార్డును పడగొట్టకపోవచ్చు గానీ, ఫ్యాన్ స్విచ్ వేసినప్పుడల్లా తెర ఒక్క క్షణం పోయి రావడం వంటివి దాని వల్ల కూడా జరగవచ్చు.

ఇక వేడి. నల్లగొండలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి, పైకప్పు కింది గది సాయంత్రానికి కూడా చల్లారదు. గది వేడి 15 డిగ్రీలు పెరిగితే కార్డు వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. డిసెంబరులో 70 దగ్గర హాయిగా నడిచిన కార్డు మేలో 85 చూపించడంలో వింత లేదు. ఈ కార్డులు 83 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకోవడం మొదలుపెడతాయి, 3070కి గరిష్ఠ పరిమితి 93. కానీ చూడవలసింది ఆ ఒక్క అంకె కాదు. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో హాట్‌స్పాట్ అని, చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటును చూపే ఇంకో వరుస ఉంటుంది. మామూలు వేడికి, హాట్‌స్పాట్‌కు తేడా 10 నుంచి 20 డిగ్రీల లోపు ఉంటే మంచిదే, 30 దాటితే లోపల చిప్ వేడిని హీట్‌సింక్‌కు చేర్చే థర్మల్ పేస్ట్ ఎండిపోయింది లేదా ఆ హీట్‌సింక్ సరిగా కూర్చోలేదు. 3070లో మెమరీ చిప్పుల వేడి రీడింగు రాదు కనుక, సెకండ్ హ్యాండ్ కార్డులో పేస్ట్ మార్పించేటప్పుడే మెమరీ మీది థర్మల్ ప్యాడ్లను కూడా చూడమనండి.

దుమ్ము సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. మిర్యాలగూడ రైసుమిల్లుల ఊక, రాతి క్రషర్ల పొడి, హుజూర్‌నగర్ వైపు సిమెంటు దుమ్ము ఏదో ఒకటి ప్రతి ఇంట్లోకీ వస్తుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి, గాలికి అవి అతివేగంగా తిరిగితే బేరింగు పాడవుతుంది. ఎయిర్ కూలర్ గాలి నేరుగా క్యాబినెట్‌లోకి కొట్టేలా మాత్రం పెట్టవద్దు. ఆ గాలిలోని తేమకు దుమ్ము తడిసి బోర్డు మీద అంటుకుపోతుంది, మన బోరునీళ్ళలోని లవణాలు తుంపరలతో పాటు వచ్చి తెల్లటి పొరలా పేరుకుంటాయి.

ఇవన్నీ సరిచూసి, 70 శాతం పవర్ లిమిట్‌లో కూడా నల్లబడుతోందని తేలితే అప్పుడు కార్డునే అనుమానించాలి. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాని మైనింగ్ (లెక్కలు చేయించి ఆ కరెన్సీ సంపాదించడం) ఆగిపోయింది, రాత్రింబవళ్ళు నడిచిన కార్డులు కుప్పలుగా సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చాయి. 3070 ఆ పనికి ఎక్కువగా వాడిన కార్డుల్లో ఒకటి. మైనింగ్ చేసినంత మాత్రాన కార్డు చెడిపోయిందని నేను అనను, ఒకే స్థాయి భారంలో నిలకడగా నడిచిన కార్డులు చాలా బాగానే ఉంటాయి. కానీ ప్యాడ్లు, ఫ్యాన్లు అరిగి ఉంటాయి. ఆర్‌ఎక్స్ 580 వంటి పాత కార్డులు కొన్నవారు మైనింగ్ కోసం మార్చిన బయాస్ అందులో మిగిలి ఉందేమో కూడా చూసుకోవాలి, అది ఆటల్లో నల్లతెరకు పేరుపడ్డ కారణం. మీ 3070 విషయంలో ఆ భయం తక్కువ. కార్డును ఊడదీసి, బంగారు రంగు అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, క్లిక్ మనేదాకా నొక్కి, బరువుకు కిందికి వంగకుండా చిన్న ఆసరా పెట్టండి. బయాస్‌లో పీసీఐఈ (కార్డు కూర్చునే స్లాట్) వేగాన్ని జెన్ 4 నుంచి జెన్ 3కి దించి కూడా ఒకసారి చూడండి, ఆటల్లో మీకు తేడా పెద్దగా తెలియదు. కార్డును నిలువుగా పెట్టడానికి రైజర్ కేబుల్ వాడుతుంటే ముందు దాన్నే తీసేయండి.

డ్రైవర్, కేబుల్ విషయాలు మీ లక్షణాలకు సరిపోవు కనుక తొందరగా ముగిస్తాను. సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్‌ను పూర్తిగా తీసి కొత్తది వేయండి. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ మార్చి, 144ను 60కి దించి ఒకసారి చూడండి. ఆటల్లో మాత్రమే రిఫ్రెష్ రేటు మారేలా పెట్టుకున్నవారికి బలహీనమైన కేబుల్ ఆటల్లో మాత్రమే తెరను పోగొట్టగలదు, కానీ అప్పుడు ఫ్యాన్లు గర్జించవు.

చేయకూడనివి రెండు ఉన్నాయి. ఎస్‌ఎంపీఎస్‌ను విప్పి లోపల చేయి పెట్టవద్దు, ప్లగ్ తీసిన తరువాత కూడా అందులోని పెద్ద కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత, 300 దాటిన వోల్టేజి నిలిచి ఉంటుంది. రెండోది, హీట్ గన్‌తో చిప్‌ను వేడి చేసి బాగు చేస్తామనేవారికి కార్డు ఇవ్వవద్దు. అలా కాల్చిన కార్డు కొన్ని వారాలు నడిచి మళ్ళీ పడుతుంది, ఈలోగా అసలు లోపాన్ని కనిపెట్టే అవకాశం పోతుంది, అమ్మినవారి వారంటీ కూడా చెల్లకుండా పోతుంది.

కనుక ఈ వారం మీరు చేయవలసింది పవర్ లిమిట్ పరీక్ష, రెండు వేర్వేరు కేబుళ్ళు, యూపీఎస్ లేకుండా ఒక సాయంత్రం, వోల్ట్‌మీటర్ రీడింగు. ఇవి కరెంటు వైపే చూపిస్తే 650 లేదా 750 వాట్ల, 80 ప్లస్ గోల్డ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందనే) గుర్తున్న, ఏటీఎక్స్ 3.0 లేదా తరువాతి ప్రమాణం రాసి ఉన్న ఎస్‌ఎంపీఎస్ కొనండి. అది కొనేదాకా కార్డును 900 మిల్లీవోల్టుల దగ్గర సుమారు 1800 మెగాహెర్ట్జ్‌కు అండర్‌వోల్ట్ చేసుకుని (చిప్‌కు అందే వోల్టేజి తగ్గించి) ఆడుకోవచ్చు, వేగం కొద్దిగానే తగ్గుతుంది, వాట్లు, వేడి మాత్రం బాగా తగ్గుతాయి. కార్డు వైపు చూపిస్తే, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో కొన్నానన్నారు కాబట్టి, టెస్టింగ్ వారంటీ గడువు దాటకముందే బస్సెక్కండి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో లాగ్ ఫైలును ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళండి. దుకాణంలో ఐదు నిమిషాలు బెంచ్‌మార్క్ నడిపి బాగానే ఉందంటే ఒప్పుకోకుండా, వారి దగ్గరున్న మంచి ఎస్‌ఎంపీఎస్ మీద, ఇంట్లో నల్లబడిన ఆ ఆటనే, ఫ్రేముల పరిమితి తీసేసి కనీసం అరగంట నడిపి చూపించమని అడగండి.